మట్టిలో సబ్బు చేసే సూక్ష్మజీవులు: కాపాడుకోవడం మన పని, కడిగే ఖర్చు కలుషితం చేసినవాడిది

(ఇటిక్యాలలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కలిసినప్పుడల్లా గిట్టుబాటు ధర గురించి, నెట్టెంపాడు నీళ్ల గురించి, ఆర్డీఎస్ వాటా గురించి, సీడుపత్తి ఆర్గనైజర్ల లెక్కల గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు మట్టి గురించి మాట్లాడుకుందాం. మట్టిలో కంటికి కనపడకుండా బతికే బ్యాక్టీరియా గురించి, అవి తయారు చేసే సబ్బు గురించి చెప్పుకుందాం.

ఇది చదువుకున్నోళ్ల సంగతి, మనకెందుకు అనుకోవద్దు. ఈ పేరు చెప్పుకొని రెండు రకాల మనుషులు మన ఊళ్లకు వస్తారు. ఒకరు బ్యాక్టీరియాను సీసాలో పోసి, ఇది చల్లితే నేలంతా శుభ్రమైతది అని అమ్మజూస్తారు. ఇంకొకరు ఫ్యాక్టరీ పెడతామని వచ్చి, మా వ్యర్థాలను బ్యాక్టీరియాతో శుద్ధి చేస్తాం, మీకేం భయం లేదు అంటారు. వీళ్లకు సరైన ప్రశ్న వెయ్యాలంటే అసలు సంగతేమిటో మనకు తెలిసి ఉండాలి.

ముందు సబ్బు పని ఏమిటో చూద్దాం. నూనె అంటిన గిన్నెను ఉత్త నీళ్లతో ఎంత కడిగినా జిడ్డు పోదు. నీళ్లకు, నూనెకు పొత్తు కుదరదు. కుంకుడు పులుసో, సీకాయో, సబ్బో తగిలితే ఇట్టే పోతుంది. సబ్బు పదార్థానికి రెండు కొసలుంటాయి. ఒక కొస నీళ్లను పట్టుకుంటుంది, ఇంకో కొస నూనెను పట్టుకుంటుంది. అట్లా జిడ్డును చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి నీళ్లలో కలిపేస్తుంది. ఇట్లాంటి పదార్థాన్ని శాస్త్రవేత్తలు సర్ఫాక్టెంట్ అంటారు. పేరు కొత్తదే గాని వస్తువు మనకు పాతదే. పంటకు మందు కొట్టేటప్పుడు డ్రమ్ములో కలిపే స్టిక్కర్, స్ప్రెడర్ కూడా ఈ జాతివే. ఆకు మీద చుక్క గుండ్రంగా నిలబడి జారిపోకుండా, పలచగా పరుచుకునేటట్టు చేసేవి అవే.

ఇదే సబ్బును మట్టిలోని కొన్ని బ్యాక్టీరియా సొంతంగా తయారు చేసుకుంటాయి. ఎందుకు? కడుపు కోసం. నూనె గాని, కొన్ని పురుగు మందులు గాని నీళ్లలో సరిగ్గా కరగవు. మట్టి రేణువులకు అంటుకొని ఉండిపోతాయి. బ్యాక్టీరియాకు నోరు లేదు, పళ్లు లేవు. నీళ్లలో కలిసిన దాన్నే అది లోపలికి తీసుకోగలుగుతుంది. అందుకని తన ఒంట్లో నుంచి సబ్బును బయటికి వదిలి, ఆ జిడ్డును మట్టి నుంచి ఊడదీసి, నీళ్లలోకి తెచ్చుకొని తింటుంది. తిన్నాక ఆ విషం విషంగా మిగలకుండా చిన్న ముక్కలవుతుంది. అన్నీ అనుకూలిస్తే చివరికి నీరు, బొగ్గుపులుసు వాయువు అవుతుంది.

ఇది ఈ మధ్య కనిపెట్టిన విషయం కాదు. సూడోమోనాస్ జాతి బ్యాక్టీరియా చేసే రామ్నోలిపిడ్ అనే సబ్బు సంగతి 1940లలోనే తెలుసు. 1968లో జపాన్ శాస్త్రవేత్తలు బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా నుంచి సర్ఫాక్టిన్ అనే సబ్బును వేరుచేశారు. నీటి పైపొరకు ఒక బిగువు ఉంటుంది. దాన్ని కొలిస్తే మంచినీళ్లకు 72 వస్తుంది. కొంచెం సర్ఫాక్టిన్ కలిపితే అది 27కు పడిపోతుంది. అంత బలమైన సబ్బు అది.

సూడోమోనాస్, బాసిల్లస్ అనే పేర్లు మీలో చాలామంది వినే ఉంటారు. మిరప నారుకు, విత్తన శుద్ధికి ట్రైకోడెర్మాతో పాటు సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ పొడి వాడమని వ్యవసాయ అధికారులు చెబుతుంటారు. అది నారుకుళ్లును ఆపే దారుల్లో ఒకటి ఈ సబ్బే. నారుకుళ్లు తెచ్చే పిథియం శిలీంద్రం తడి మట్టిలో ఈదే బీజాలను వదులుతుంది. ఆ బీజాలకు గట్టి పెంకు ఉండదు, పలచని పొర మాత్రమే ఉంటుంది. బ్యాక్టీరియా సబ్బు తగిలితే ఆ పొర పగిలి బీజం చచ్చిపోతుంది. అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్లు 1990లలో ఈ సంగతిని రామ్నోలిపిడ్‌తో చూపించారు. అంటే మట్టిని కడిగే ఈ సబ్బు పంటకు కాపలా కూడా కాస్తుంది.

ఇక శుభ్రం చేసే సంగతికి వద్దాం. 1989 మార్చిలో అమెరికాలోని అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ రాళ్లకు తగిలి, సుమారు 4 కోట్ల లీటర్ల ముడి చమురు సముద్రంలో పారింది. ఒడ్డున గులకరాళ్లకు పట్టిన ఆ జిడ్డు మీద సూడోమోనాస్ సబ్బును పరీక్షించారు. ఉత్త నీళ్లకంటే అది 2, 3 రెట్లు ఎక్కువ నూనెను ఊడదీసింది. అయితే ఆ తీరంలో బ్యాక్టీరియాతో పెద్ద ఎత్తున చేసిన పని వేరే. కొత్త బ్యాక్టీరియాను తెచ్చి చల్లడం కాదు, అక్కడే పుట్టి పెరిగిన వాటికి నత్రజని, భాస్వరం ఎరువు వేశారు. మేత దొరికేసరికి అవి పెరిగి నూనెను తిన్నాయి. ఈ ముక్క మనం గుర్తు పెట్టుకోవాలి. పని చేసేది ఆ నేల మీద ఉన్న జీవాలే, వాటికి కావలసింది మేత.

పురుగు మందుల సంగతి మనకు ఇంకా దగ్గరిది. 1973లో మన దేశ శాస్త్రవేత్త సేతునాథన్, జపాన్‌కు చెందిన యోషిడాతో కలిసి, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో ఒక విషయం బయటపెట్టారు. డయాజినాన్ అనే పురుగు మందును మళ్లీ మళ్లీ వేసిన వరి మడిలో, ఆ మందును విరగ్గొట్టే బ్యాక్టీరియా తయారైంది. పారాథియాన్‌ను కూడా అది విరగ్గొడుతుంది. ఈ రకం బ్యాక్టీరియా ఆ పనిని ఎట్లా చేస్తుందో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ దయానంద సిద్దవటం, ఆయన విద్యార్థులు ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆ విద్యను బ్యాక్టీరియా తన ఒంట్లోని ఒక చిన్న ఉంగరంలాంటి జన్యుభాగంలో దాచుకుంటుంది. దాన్ని పక్క బ్యాక్టీరియాకు కూడా అందించగలదు. నాట్లు వెయ్యడం పక్కింటి అమ్మాయికి నేర్పినట్టు, మందును విరగ్గొట్టడం ఒకటి ఇంకోదానికి నేర్పుతుందన్నమాట.

ఇందులో మంచి ఉంది, చెడు కూడా ఉంది. నేల తనను తాను శుభ్రం చేసుకుంటుంది, అది మంచి. కాని ఒకే మందును పదే పదే వేస్తే, పురుగును చంపేలోపే బ్యాక్టీరియా దాన్ని తినేస్తుంది. ఫిలిప్పీన్స్ మడుల్లో డయాజినాన్‌కు జరిగింది అదే. మన సీడుపత్తిలో, మిరపలో మందు పని చెయ్యడం లేదని ఇంకో డబ్బా పట్టుకొచ్చే ముందు, పురుగు మొండిదైందా, మందు నకిలీదా, నేలలోనే కరిగిపోతుందా అని అడగాలి. ఈ మూడింట్లో దేనికీ ఇంకో డబ్బా జవాబు కాదు.

ఇప్పుడు ఈ సబ్బు చెయ్యలేని పనులు చూద్దాం. అమ్మేవాళ్లు ఇవి చెప్పరు.

ఒకటి, సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి లోహాలను ఏ బ్యాక్టీరియా కూడా తిని మాయం చెయ్యలేదు. సబ్బు వాటిని పట్టుకొని అటూ ఇటూ జరపగలదు. జరిపిన దాన్ని ఎవరో ఒకరు ఎత్తి బయట పెట్టాల్సిందే.

రెండు, సబ్బు విషాన్ని మట్టి నుంచి ఊడదీస్తుంది. ఊడిన దాన్ని తినే జీవాలు చాలినన్ని లేకపోతే, అది నీళ్లతో కలిసి కిందికి దిగుతుంది. కింద ఉన్నది మన బోరు. అందుకే నేలను కడుగుతామని డిటర్జెంట్ గాని, పేరు తెలియని ద్రావణం గాని పొలంలో పొయ్యనివ్వకూడదు.

మూడు, తడి, గాలి, మేత లేకుంటే ఈ జీవాలు పని చెయ్యవు. ఎండాకాలం మన చెలకలు పెనంలా కాలినప్పుడు అవి నిద్రపోయినట్టు పడి ఉంటాయి. కాబట్టి చల్లిన వారంలో నేల శుభ్రం అనే మాట నమ్మదగింది కాదు.

నాలుగు, అన్నీ మనకు మేలు చేసేవే కావు. రామ్నోలిపిడ్ బాగా చేసే సూడోమోనాస్ ఎరూజినోసా ఆసుపత్రుల్లో కాలిన పుండ్లకు, ఊపిరితిత్తులకు పట్టి పీడించే రకం. మన నారుమడికి వాడే ఫ్లోరెసెన్స్ వేరు, ఇది వేరు. సీసా మీద ఉత్తగా సూడోమోనాస్ అని రాసి ఉంటే చాలదు. పూర్తి పేరు, ఒక గ్రాములో ఎన్ని బతికి ఉన్నాయి, తయారైన తేది, గడువు తేది, లైసెన్సు నంబరు చూసి, బిల్లు తీసుకొనే కొనాలి.

ఇక ఫ్యాక్టరీల సంగతి. బ్యాక్టీరియాతో శుద్ధి చేస్తాం అనే మాట ఎంతవరకు నిజమవుతుందో చూడడానికి దూరం పోనక్కర లేదు, పటాన్‌చెరు చూస్తే చాలు. అక్కడి ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగులో కలిసి, వాగు పక్క పొలాలు, బావులు పాడయ్యాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. డాక్టర్ కిషన్ రావు లాంటివాళ్లు, ఆ ఊళ్ల రైతులు ఏళ్ల తరబడి కొట్లాడారు. ఫ్యాక్టరీల నీళ్లన్నీ ఒకచోట శుద్ధి చెయ్యడానికి ఉమ్మడి కేంద్రం కూడా పెట్టారు. అక్కడ పని చేసేది బ్యాక్టీరియానే. సుమారు 90 మందుల కంపెనీల నీళ్లు దానికి వచ్చేవి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీళ్లను పరీక్షించిన ఫలితాలు అచ్చు వేశారు. లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మాత్రలు వేసుకునే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ.

ఆలోచించండి. సిప్రోఫ్లాక్సాసిన్ అంటే బ్యాక్టీరియాను చంపే మందు. నీళ్లను శుద్ధి చెయ్యాల్సిందే బ్యాక్టీరియా అయితే, దాని మీద దాన్ని చంపే మందునే పోశారు. అందులో బతికి బయటపడ్డవి చాలా మందులకు లొంగని మొండి రకాలు. రేపు మన పిల్లలకు జ్వరం వస్తే మాత్ర పని చెయ్యకుండా పోయేది ఇందుకే. బ్యాక్టీరియాది తప్పు కాదు. ఎద్దు మొయ్యగలిగినంతే బండికెత్తాలి. మొయ్యలేనంత ఎత్తి, ఎద్దు లేవలేదంటే ఎట్లా?

మన జిల్లాలోనే రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్లు కదిలాయి. 2025 జూన్‌లో అది పెద్ద ఘర్షణ అయ్యి, రైతుల మీద కేసులు పెట్టారు, జైలుకు పంపారు. వాళ్లు అడిగింది నీళ్ల గురించి, నేల గురించి, పీల్చే గాలి గురించి. ఏ ఫ్యాక్టరీ వచ్చినా మనం అడగాల్సిన ప్రశ్నలు ఇవి: నీళ్లు ఎక్కడి నుంచి తీసుకుంటారు? వాడిన నీళ్లు ఎన్ని, అందులో ఏముంటుంది? బ్యాక్టీరియా కేంద్రం పని చెయ్యని రోజు ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? పరీక్ష ఎవరు చేస్తారు, ఫలితం పంచాయతీ గోడ మీద పెడతారా? ఒకవైపు కృష్ణ, ఒకవైపు తుంగభద్ర ఉన్న నడిగడ్డ ఇది. ఇక్కడ వాగులో పడ్డది ఏదైనా చివరికి నదికే చేరుతుంది.

చట్టం కూడా మనవైపు కొంత ఉంది. తెలుసుకుంటేనే అది పనికొస్తుంది. రాజస్థాన్‌లో బిఛ్రీ అనే ఊరు ఉంది. రసాయన ఫ్యాక్టరీలు అక్కడి నేలను, బావులను పాడు చేశాయి. 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: కలుషితం చేసినవాడే నష్టం కట్టాలి, నేలను బాగుచేసే ఖర్చూ వాడే పెట్టుకోవాలి. కంపెనీ కట్టకుండా కోర్టుల చుట్టూ తిప్పితే, 2011లో 37 కోట్ల 38 లక్షల రూపాయల పైచిలుకు సొమ్మును చక్రవడ్డీతో కట్టమంది. మన భూములకు కూడా ఇదే సూత్రం.

జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 2010లో వచ్చింది. తెలంగాణ కేసులు చెన్నై బెంచ్ చూస్తుంది. ఫిర్యాదుకు 6 నెలలు, నష్టపరిహారానికి, నేలను బాగుచేయించడానికి 5 ఏళ్లు గడువు ఉంటుంది. ఈ గడువులు తెలియక ఊళ్లు కూర్చుండిపోకూడదు. నేల రంగు మారిన రోజే, చేపలు తేలిన రోజే ఫొటో తీసి, తేది వేసి, పంచాయతీలో రాయించాలి. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాలను గుర్తించి తెలపడం జిల్లా యంత్రాంగం బాధ్యత. శుద్ధి ఖర్చు కలుషితం చేసినవాడిది. మన జిల్లాలో ఆ జాబితా తయారైందా అని కలెక్టరాఫీసును అడుగుదాం.

ఇంకో చట్టం 2002 నాటి జీవవైవిధ్య చట్టం. అందులో జీవ వనరులంటే చెట్లు, జంతువులే కాదు, సూక్ష్మజీవులు కూడా. మన పొలం మట్టిలో దొరికిన బ్యాక్టీరియాతో రేపు ఎవరైనా వ్యాపారం చేస్తే, లాభంలో వాటా ఊరికి రావాలని ఆ చట్టం ఉద్దేశం. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి. చాలాచోట్ల అది కాగితం మీదనే ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. 1980లో అమెరికా సుప్రీంకోర్టు, మన దేశంలో పుట్టిన శాస్త్రవేత్త ఆనంద చక్రబర్తి ల్యాబులో తయారు చేసిన నూనె తినే బ్యాక్టీరియాకు పేటెంటు ఇవ్వవచ్చని 5–4తో తీర్పు చెప్పింది. అప్పటి నుంచి ప్రాణమున్న సూక్ష్మజీవి మీద కూడా కంపెనీ హక్కు రాయించుకునే దారి తెరుచుకుంది. మట్టి పరీక్ష అని చెప్పి ఎవరైనా సంచుల్లో మట్టి పట్టుకుపోతుంటే, ఎందుకు, ఎవరి కోసం అని అడగడం మన హక్కు.

సరే, మరి మనం చెయ్యాల్సిన పని?

మొదటిది, మేత పెట్టడం. పెంట ఎరువు, చెరువు మట్టి, జీలుగ, జనుము, పిల్లిపెసర లాంటి పచ్చిరొట్ట ఈ జీవాలకు అన్నం. పత్తికట్టెను, వరి కొయ్యలను కాల్చితే ఆ అన్నాన్ని కాల్చినట్టే. పత్తికట్టెను ముక్కలు చేసే యంత్రాలు ఊరికొకటి ఇవ్వాలని మనం అడుగుదాం. కూలి ఖర్చు రైతు నెత్తిన పెట్టి, కాల్చొద్దని ఉపన్యాసం చెబితే సరిపోదు.

రెండోది, మందు డబ్బాలు, స్ప్రేయర్లు కడిగే చోటు. విషం ఎక్కువ ఒలికేది పొలంలో కాదు, కలిపే చోట, కడిగే చోట. ఆ నీళ్లు కాలువలో, బోరు దగ్గర పోస్తే నేరుగా తాగే నీళ్లలోకి పోతాయి. స్వీడన్ రైతులు 1990ల నుంచి దీనికొక గుంత వాడుతున్నారు. రెండడుగుల లోతు గుంత తవ్వి, అడుగున బంకమట్టి పరిచి, పైన సగం గడ్డి, పావు వంతు పీట్ అనే కుళ్లిన నాచు మట్టి, పావు వంతు పొలం మట్టి కలిపి నింపి, మీద పచ్చగడ్డి పెంచుతారు. స్ప్రేయర్ దాని మీద కడుగుతారు. గడ్డి మీద పెరిగే శిలీంద్రాలు, మట్టిలోని బ్యాక్టీరియా కలిసి ఆ మందును విరగ్గొడతాయి. పీట్ దొరకని దేశాల్లో కంపోస్టు వాడుతున్నారు. మనకు వరిగడ్డి ఉంది, వేరుశనగ పొట్టు ఉంది, కంపోస్టు ఉంది. మన ఎండకు, మన మట్టికి ఎంత పాళ్లలో కలపాలో పాలెం పరిశోధనా కేంద్రం, మదనాపురం కేవీకే శాస్త్రవేత్తలు ఊళ్లోకొచ్చి చేసి చూపాలి. ఇది కడిగిన నీళ్లకే. మిగిలిన మందు పారబొయ్యడానికి కాదు.

మూడోది, పరీక్ష. ఇప్పుడు మన మట్టి పరీక్ష కార్డులో నత్రజని, భాస్వరం, పొటాష్, సేంద్రియ కర్బనం లాంటివి వస్తాయి. పురుగు మందు అవశేషం ఎంత ఉందో రాదు. మిథైల్ పారాథియాన్‌ను 2018లో నిషేధించారు. ఫోరేట్, ట్రైజోఫాస్‌లను 2020 డిసెంబరు 31తో ఆపేశారు. అన్నేళ్లు లైసెన్సులిచ్చి అమ్మించినవి ఇవే. అమ్మినన్నాళ్లు కంపెనీకి లాభం, ప్రభుత్వానికి పన్ను వచ్చింది. ఇప్పుడు నేలలో ఎంత మిగిలిందో ఉచితంగా పరీక్ష చేసి చెప్పే బాధ్యత కూడా వాళ్లదే. సీడుపత్తి ఊళ్లతోనే అది మొదలు పెట్టాలి. పొద్దస్తమానం ఆ చేన్లలో క్రాసింగ్ చేసే ఆడకూలీల చేతులు ఆ మందులోనే మునుగుతున్నాయి.

నాలుగోది, ఈ మూడు సంగతులు వచ్చే గ్రామసభలో తీర్మానంగా పెట్టాలి. పత్తికట్టె యంత్రం, స్ప్రేయర్ కడిగే గుంత, మందు అవశేషాల పరీక్ష. తీర్మానం నకలు వ్యవసాయ అధికారికి, కలెక్టరుకు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఒక నకలు సంఘానికి పంపండి. ఎన్ని ఊళ్లు చేస్తే అంత బలం.

మట్టిలోని ఆ జీవాలు కూలి అడగవు, సెలవు అడగవు. అడిగేది గుప్పెడు పెంట, కొంచెం తడి. అవి మన తాతల కాలం నుంచి మన చేన్లలో పని చేస్తున్నాయి. వాటి చేత కానంత విషాన్ని తెచ్చి పోసి, అవే కడుక్కుంటాయిలే అనే మాటను మాత్రం మనం ఒప్పుకోవద్దు. మట్టిని బతికించుకునే పని మనం చేద్దాం. మురికి చేసినవాడి చేత ఆ మురికి ఎత్తించే పని కూడా మనమే, సంఘంగా, చేద్దాం.

సెలవు.